ముక్కు పిన్ని ఉప్పు గ్లాసు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. గుర్తింపు కార్డు మీద తప్ప అది ఎక్కడా కనపడదు. గులాబీ నూనె తీసే ఆ కార్ఖానాలో గేటు దగ్గర కాపలాదారు మొదలుకుని లేబుళ్లు అంటించే ఆడవాళ్ల దాకా అందరికీ ఆవిడ ముక్కు పిన్ని. ముక్కు పెద్దదేమో అనుకునేరు, కాదు. చిన్నదే, కాస్త చప్పిడిది కూడా. అది చేసే పని మాత్రం పెద్దది.

కార్ఖానా అంటే ఒక పొడవాటి రేకుల షెడ్డు. పైన ఇనప రేకులు, కింద గులాబీ రేకులు. మనిషి లోతు రాగి పాత్రలు మూడు. పొద్దున్నే తోటల నుంచి బస్తాల్లో వచ్చిన పూలను పాత్రలో నీళ్లతో నింపి, బాయిలర్ నుంచి ఆవిరి వదులుతారు. పూలలోని నూనె ఆవిరితో కలిసి పైకి లేచి, వంకర గొట్టంలోంచి చల్లనీళ్ల తొట్టి దాటి, ఒక పొడుగు మెడ గాజు పాత్రలో చుక్కచుక్కగా పడుతుంది. నూనె పైన పల్చటి పసుపు పొరగా నిలుస్తుంది. కింది నీళ్లు పక్క గొట్టంలోంచి కారిపోతుంటాయి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఎప్పుడు ఆపాలన్నదే చిక్కు. తొందరపడితే సగం నూనె పూలలోనే ఉండిపోతుంది. ఆలస్యమైతే ఉడికిపోయిన ఆకుల వాసన వచ్చి, అప్పటిదాకా తీసిన నూనెను కూడా పాడుచేస్తుంది.

ఆపే మాట పిన్నిది. పది నిమిషాలకోసారి ఆ పక్క గొట్టం కింద గ్లాసు పట్టి, నీళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకునేది. వేళ వచ్చినప్పుడు ఒకే ఒక్క మాట అనేది: "చాలు!" ఆ మాట పూర్తయ్యేలోపే బాయిలర్ అన్నయ్య వాల్వు తిప్పేసేవాడు. అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు. బాయిలర్ చూసుకునే మనిషి, పిన్ని కంటే నాలుగేళ్లు పెద్ద, అంతే. ఇద్దరూ ఇరవై ఆరేళ్లుగా అలాగే నడుపుకొచ్చారు. ఎందుకు ఆపావని అడగడం, ఇంకాసేపు చూద్దామనడం ఆ షెడ్డులో ఎవరూ ఎరగరు.

పిన్ని మొదట వచ్చింది సీసాలు కడగడానికి. ఒకరోజు సీసాలు కడుగుతూ కడుగుతూ తలెత్తి, "ఎవరో ఆకుకూర ఉడకబెడుతున్నారు" అంది. ఎవరూ ఏమీ ఉడకబెట్టడం లేదు. యజమాని మాత్రం పరుగున వెళ్లి ఆవిరి కట్టించాడు. మర్నాడే ఆవిడకు గాజు పాత్ర పక్కన స్టూలు వేయించాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు, ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. ఆయన ముక్కు కూడా ఒకప్పుడు గట్టిదేనని చెప్పుకుంటారు. రోజూ ఒకసారి వచ్చి, గ్లాసు అందుకుని, దాని మీదకు తల వంచి, "ఊఁ" అంటాడు. ఆ తర్వాత గ్లాసు పిన్నికిచ్చి, "నువ్వేమంటావు అమ్మాయ్?" అని అడుగుతాడు. ఆవిడ ఏదంటే అదే ఆయన మాట. అంత పెద్దమనిషి తనను అడగడం పిన్నికి ఎంత గర్వమో చెప్పలేం.

సరే, ఆ సంవత్సరం పూల కాలం ఇంకో నెల ఉందనగా పిన్నికి జలుబు పట్టి జ్వరం వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో దిగింది. ఐదో రోజు ఆవిడ వంటింట్లో పాల గిన్నె ముందు నిలబడి ఏదో ఆలోచిస్తుండగా భర్త వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమే, ఇల్లు తగలెడతావా ఏంటి? పాలు మాడి కంపు వీధి చివరికొచ్చింది!"

పిన్ని గిన్నెలోకి చూసింది. అడుగు నల్లగా మాడిపోయి ఉంది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఏమీ లేదు. సబ్బు తెచ్చుకుంది, ఉల్లిపాయ కోసింది, చివరికి భర్త చెమట చొక్కా కూడా ముఖానికి అదుముకుంది. ఏ వాసనా లేదు, గోడను వాసన చూసినట్టే ఉంది.

భర్త సిటీ బస్సులో కండక్టరు. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. మొదటి రెండు వారాలూ హాస్యమాడాడు. ఎందుకంటే పిన్ని వండినవన్నీ ఉప్పు కషాయాలయ్యాయి. ముక్కు పోయాక నాలుకకు మిగిలింది ఉప్పూ, పులుపూ, తీపీ, చేదూ మాత్రమే కదా. ఏదో ఒకటి తెలియాలని ఆవిడ ఉప్పు దంచికొట్టేది. "సముద్రానికి వెళ్లి రావడం ఖర్చని ఇంటికే తెప్పించావా?" అనేవాడు. ఒకరోజు ఆ మాటకు పిన్ని కంచం ముందే ఏడ్చేసింది.

"ఇంకో పది రోజుల్లో పూలొస్తాయండీ. నేనేం చెప్పాలి వాళ్లకి? నా దగ్గర ఉన్నదే ఆ ఒక్కటి."

ఆయన లేచి వచ్చి ఆవిడ పక్కన కూచున్నాడు. ఆ పూట ఉప్పు కూర మొత్తం ఆయనే తిన్నాడు.

పూలు రానే వచ్చాయి. పిన్ని ఎవరికీ చెప్పలేదు. రోజూ లాగే గ్లాసు పట్టింది, కళ్లు మూసుకుంది, లోపల మాత్రం గోడ గడియారం టిక్కుటిక్కులు లెక్కపెట్టుకుంది. గడియారం చూసి "చాలు" అంది. ఆ "చాలు"లో పస లేదని ముందు కనిపెట్టింది బాయిలర్ అన్నయ్య.

"చెల్లెమ్మా, ఎప్పుడూ నీ మాట వింటే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. ఇవాళ నేను తిప్పాల్సి వచ్చింది. ఏమైంది?"

పిన్ని చెప్పేసింది. ఆయన తల గోక్కుని, "పోనీ నేను వాసన చూసి చెప్పనా?" అన్నాడు. పాపం, మంచి మనసే. కానీ ముప్పై ఏళ్లుగా పొగలో నానిన ముక్కది. మొదటి గ్లాసు, ఆఖరి గ్లాసు పక్కపక్కన పెడితే, "రెండూ బొగ్గు వాసనే వస్తున్నాయి" అన్నాడు.

గడియారానికి ఏం తెలుసు? ఒకరోజు పూలు తడిగా వస్తాయి, ఒకరోజు వాడి వస్తాయి. ఐదో రోజు నూనె కొనే కంపెనీ నుంచి ఫోను వచ్చింది. మొదటి సరుకు పల్చగా ఉందట, రెండోదానిలో ఉడుకు వాసన కొడుతోందట. పెద్దాయన షెడ్డులోకి వచ్చాడు. పిన్ని ముఖం వంక చూడకుండా, గొట్టాల వంక చూస్తూ మాట్లాడాడు.

"నాకు తెలుసమ్మాయ్. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ నీకు బాగా లేదు. వచ్చే సోమవారం సరుకు దాకా చూస్తాను. అదీ చెడితే నువ్వు లేబుళ్ల గదిలో కూచో. ఇక్కడికి ఇంకెవర్నైనా తెచ్చుకుంటాను."

లేబుళ్ల గదిలో పనికేం కొదవ లేదు, నీడపట్టున కూచుని చేసే పని. అయినా పిన్ని గుండెల్లో రాయి పడింది. ఆ స్టూలు మీద కూచున్నప్పుడే కదా తాను ముక్కు పిన్ని. తాను "చాలు" అనగానే ఆవిరి ఆగడం, మూడు పాత్రలూ ఒక్కసారి నిశ్శబ్దమైపోవడం ఆవిడకు తన ఊపిరంత అలవాటు.

పక్కింటావిడ ఉప్పునీళ్లు పుక్కిలిస్తే ముక్కు తెరుచుకుంటుందని చెప్పింది. మునిగేవాడికి గడ్డిపోచైనా సరే. పిన్ని కల్లుప్పు కాగితంలో పొట్లం కట్టుకుని పనికి పట్టుకెళ్లింది. షెడ్డులో గోరువెచ్చని నీళ్లంటే ఎవరూ పొయ్యి దగ్గరికి వెళ్లరు. పక్క గొట్టం నుంచి కారే పూల నీళ్లే పట్టుకుంటారు. చేతులు కడుక్కున్నా అవే, ముఖం కడుక్కున్నా అవే. పిన్ని కూడా అలాగే ఒక గ్లాసు పట్టింది. ఎక్కువ వేస్తే త్వరగా తెరుచుకుంటుందేమోనని గుప్పెడు ఉప్పు వేసి చెంచాతో తిప్పింది.

అద్దంలా ఉన్న నీళ్లు పాలు విరిగినట్టు తెల్లబడ్డాయి.

ఉప్పులో మట్టి ఉందేమోనని పిన్ని విసుక్కుని గ్లాసును కిటికీలో పెట్టేసింది. పుక్కిలించడం మానేసింది. పావుగంట తర్వాత గ్లాసు కడుగుదామని తీస్తే, నీళ్లు తేరుకున్నాయి. పైన, గ్లాసు అంచు చుట్టూ, ఆవగింజంత పసుపు చుక్కలు తేలుతున్నాయి. వేలితో తాకింది. జిడ్డు. గులాబీ నూనె! రోజూ కాలవలో పోయే నీళ్లలో నూనె దాక్కుని ఉందన్నమాట, ఉప్పు దాన్ని బయటికి లాగిందన్నమాట.

ఆ సాయంత్రం మిగతా పొట్లమంతా ఆ పనికే ఖర్చుపెట్టింది. పాత్ర మొదట్లో వచ్చిన నీళ్లకు ఉప్పు వేస్తే చిక్కటి తెలుపు. మధ్యలో నీళ్లకు వేస్తే పల్చటి తెలుపు. మరీ ఆఖర్న, పూలు ఉడికి ముద్దయ్యాక వచ్చిన నీళ్లకు వేస్తే, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. వేడి నీళ్లలో సరిగ్గా తేలడం లేదు కాబట్టి గ్లాసును ముందు తొట్టిలో చల్లార్చాలని కూడా కనిపెట్టింది. ఇంకేం కావాలి? తెలుపు రావడం మానేసినప్పుడు చాలు అనాలి. ఇంటికి వెళ్లి భర్తకు చెబితే ఆయన నమ్మలేదు. మర్నాడు తన బస్సులో రోజూ వచ్చే కెమిస్ట్రీ లెక్చరర్ని నాలుగు స్టాపుల పాటు వదలకుండా అడిగి, విజయగర్వంతో ఇంటికొచ్చాడు.

"నువ్వు చెప్పింది నిజమేనే! నీళ్లకి నూనె అంటే పెద్ద ఇష్టమేం లేదట. ఏదో ఖాళీగా ఉన్నాయి కాబట్టి కాస్త చోటిస్తాయట. ఉప్పు కరిగితే నీళ్లన్నీ దాని చుట్టూ మూగిపోతాయట. ఇంక నూనెని పట్టించుకునే నీళ్లుండవు. నా బస్సే అనుకో. ఖాళీగా ఉంటే టికెట్టు కొననివాడు ఓ మూల నిలబడ్డా ఊరుకుంటాం. తర్వాతి స్టాపులో టికెట్టు కొనే వాళ్లంతా బిలబిలమంటూ ఎక్కారనుకో..."

"దిగు నాయనా అంటారు."

"అంతే! నూనె దిగిపోతుంది."

"దిగదండీ. మీ బస్సులో అయితే దిగుతారు. నా గ్లాసులో పైకెక్కుతుంది" అంది పిన్ని. నెల రోజుల తర్వాత ఆవిడ నవ్వడం అదే.

"ఇంకో మాట. అన్ని ఉప్పులూ ఇలా చెయ్యవట. కొన్ని రకాలు ఉల్టాగా ఇంకాస్త నూనెని నీళ్లలోకి లాగుతాయట. మన వంటింటి ఉప్పు గెంటే రకం. అందుకే నీ చేతికి దొరికింది" అని ఆయన కాలు మీద కాలు వేసుకున్నాడు, ఆ ఉప్పును కనిపెట్టింది తానే అయినట్టు.

సోమవారం వచ్చింది. పిన్ని పెద్దాయనకు అంతా చెప్పేసింది. ముక్కు పోయిందనీ, గడియారం చూసి మోసం చేశాననీ, ఇవాళ ఉప్పుతో తేల్చుకుంటాననీ. పెద్దాయన కుర్చీ తెప్పించుకుని కిటికీ పక్కన కూచున్నాడు. అంతలో పిన్ని సంచిలో చెయ్యి పెట్టింది. కల్లుప్పు లేదు. ఇంట్లో బల్ల మీదే మరిచిపోయింది.

"దానికేం చెల్లెమ్మా, రెండు నిమిషాలు" అంటూ బాయిలర్ అన్నయ్య పరుగున వెళ్లి ఎదురు కొట్లో ఉప్పు ప్యాకెట్టు తెచ్చాడు. మామూలుది కాదు. మల్లెపూవులా తెల్లగా, ఇసకలా జారిపోయే రకం. చెల్లెలి పరువు సంగతి కదా అని కొట్లో ఉన్నవాటిలో మంచిది ఏరి తెచ్చాడు.

ఆవిరి వదిలారు. రెండు గంటలు గడిచాక పిన్ని పది నిమిషాలకో గ్లాసు పట్టి, చల్లార్చి, రెండు చెంచాల ఉప్పు వేసి తిప్పి, కిటికీలో వరసగా పెట్టడం మొదలుపెట్టింది. కింద కాగితం ముక్క మీద టైము రాసింది. మొదటి గ్లాసు తెల్లబడింది. రెండోదీ తెల్లబడింది. మూడు, నాలుగు, ఐదు కూడా. పిన్ని ఎదురుచూస్తోంది. ఆరోది కూడా తెల్లగానే ఉంది. ఇంకా నూనె వస్తూనే ఉందా? ఇంతసేపా? పూలు ఉడికిపోతున్నాయేమో. గొట్టం దగ్గర ముఖం పెట్టి గట్టిగా పీల్చింది. గోడే, అదే గోడ.

పెద్దాయన లేచాడు. తాగే నీళ్ల కుండలోంచి గ్లాసు ముంచి, తనే రెండు చెంచాల ఉప్పు వేసి తిప్పాడు. అవీ తెల్లబడ్డాయి.

"మంచినీళ్లలో కూడా గులాబీ నూనె ఉందా అమ్మాయ్?"

గేటు దగ్గర నుంచి చూస్తున్న కాపలాదారు నవ్వాడు. పిన్నికి తల కొట్టేసినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నయ్య వాల్వు మీద చెయ్యి వేసి, ఆపనా వద్దా అన్నట్టు ఆవిడ వంకే చూస్తున్నాడు. ఆయనకూ తెలియదు.

"అయ్యగారూ" అంది పిన్ని. "అయ్యగారూ, మీరొక్కసారి వాసన చూసి చెప్పండి. ఉడుకు వాసన వచ్చిందంటే నేనే లేచి లేబుళ్ల గదిలోకి పోతాను. మీ ముక్కు మీద నాకు నమ్మకముంది."

పెద్దాయన గ్లాసు అందుకున్నాడు. తల వంచాడు. ఎప్పటిలా "ఊఁ" అనలేదు. గ్లాసు మెల్లిగా కిటికీలో పెట్టాడు.

"నాకేం తెలియడం లేదమ్మాయ్" అన్నాడు. "ఆరేళ్లైంది నా ముక్కు పోయి. నువ్వున్నావు కదా అని ఎవరికీ చెప్పలేదు. నువ్వేమంటావని రోజూ అడిగింది ఎందుకనుకున్నావు? నీది కూడా పోయిందని తెలిసి భయపడ్డాను. భయం వేసే లేబుళ్ల గది అన్నాను."

పిన్నికి ఇప్పుడు అర్థమైంది. ఆరేళ్లుగా ఆయన్ని చూసి తాను గర్వపడుతుంటే, ఆయన తన మీద ఆనుకుని నిలబడ్డాడన్నమాట. కోపం రావాలి. రాలేదు. ముక్కుల్లేని ఇద్దరు మనుషులు గులాబీల మధ్య నిలబడి ఉంటే, మూడోవాడి ముక్కులో బొగ్గు. నవ్వొచ్చింది, ఆ నవ్వుతో పాటు ధైర్యం కూడా వచ్చింది. ఇంక ముక్కును నమ్ముకునే దారి ఎవరికీ లేదు, ఉన్నవి కళ్లే.

కిటికీ దగ్గరికి వంగి, గ్లాసుల్ని ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసింది. పెద్దాయన తయారుచేసిన మంచినీళ్ల గ్లాసులో తెలుపు అప్పుడే దిగుతోంది. అడుగున బూడిదలా సన్నటి పొర, పైన ఏమీ లేదు. మొదటి గ్లాసులోనూ అడుగున అదే పొర, కానీ పైన పసుపు చుక్కలు నిండుగా ఉన్నాయి. రెండో గ్లాసూ అంతే. మూడో గ్లాసులో చుక్కలు తగ్గాయి. నాలుగోదానిలో నాలుగైదు. ఐదో గ్లాసులో ఒకటి రెండు, వెతికితే కనపడేంత.

"అడుగుకు దిగింది ఉప్పులో పొడి!" అని అరిచింది పిన్ని. "గడ్డకట్టకుండా ఏదో కలుపుతారు, అది కరగదు. అన్నయ్యా, నువ్వు మరీ మంచి ఉప్పు తెచ్చావు. నూనెది పైకి తేలే బుద్ధి. కింద చూడక్కర్లేదు, పైనే చూడాలి!"

ఆరో గ్లాసు ఎత్తింది. ఇంకా పూర్తిగా తేరుకోలేదు. గడియారాన్ని నమ్ముకుని ఉంటే ఈపాటికి ఆపేసేదే. షెడ్డంతా గొట్టంలో నీళ్లు కారే చప్పుడు తప్ప ఏమీ లేదు. తెలుపు మెల్లమెల్లగా అడుగుకు జారింది. నీళ్ల పైభాగం తేటపడింది. పిన్ని గ్లాసును తిప్పి తిప్పి అంచు చుట్టూ చూసింది. ఒక్క చుక్క లేదు.

"చాలు!"

వాల్వు అప్పటికే తిరిగిపోయింది. బాయిలర్ అన్నయ్య తన చెయ్యి వంక చూసుకుని, "దానంతటదే తిరిగింది చెల్లెమ్మా" అన్నాడు.

ఆ సరుకు సంగతి తెలియడానికి వారం పట్టింది. ఆ వారమంతా పిన్ని కల్లుప్పుతోనే పని నడిపింది. పక్కన ఉప్పు వేసిన మంచినీళ్ల గ్లాసు కూడా ఒకటి పెట్టుకుని, రెండింటినీ పోల్చి చూసేది. పెద్దాయన రోజూ వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, ఆవిడ పక్కనే వంగి చుక్కల కోసం వెతికేవాడు. ఆయనకు కనపడని చుక్క ఆవిడ చూపిస్తే, "ఏదీ, ఏదీ?" అనేవాడు. వారం తర్వాత కంపెనీ నుంచి చీటీ వచ్చింది. పెద్దాయన దాన్ని షెడ్డు మధ్యలో నిలబడి గట్టిగా చదివాడు: "సరుకు చాలా బాగుంది. మీ ముక్కు పిన్నికి జలుబు తగ్గినట్టుంది."

జలుబు తగ్గినా ముక్కు రాలేదు. షెడ్డులో అందరూ అది తెలిసే నవ్వారు. పెద్దాయన చీటీ మడిచి పిన్ని చేతిలో పెట్టాడు.

"తగ్గలేదని వాళ్లకు రాయనా అమ్మాయ్?"

"రాయండి. నేనింకా వాసన చూస్తూనే ఉన్నానని కూడా రాయండి" అంది పిన్ని, గ్లాసును వెలుతురుకు ఎత్తి.

ఆ పూట ఇంటికి వెళ్లి వంట మొదలుపెట్టింది. చీటీ మూడుసార్లు చదివించుకుని భర్త కూడా వంటింట్లోనే తచ్చాడుతున్నాడు. కూర ఉడుకుతోంది. పిన్ని డబ్బాలోంచి కల్లుప్పు తీసి కూరలో వేసింది. రుచి చూసింది. ఇంకాస్త తీసింది. భర్త వెనక నుంచి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"చాలు!"

పిన్ని గుప్పిట విప్పి ఉప్పు మళ్లీ డబ్బాలో పోసేసింది. ఎందుకని అడగలేదు, ఇంకాసేపు చూద్దామని అనలేదు.